ఒక్క బుక్కకు ఏం కాదా? ఫుడ్ అలర్జీ ఉన్న పసిబిడ్డ తిండి, సాకుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబుకు ఎనిమిదో నెలలో పాల అలర్జీ, ఏడాది దాటాక పల్లీల అలర్జీ ఉన్నాయని తేలింది. మేముండేది మహబూబ్‌నగర్‌లో. అత్తగారిది వనపర్తి వైపు పల్లె. యాసంగిలో పల్లీ వేసి బాదేపల్లి మార్కెట్‌కు తోలే ఇంట్లో పల్లీ పడని పిల్లాడు పుట్టాడు. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. అంగన్‌వాడీ దగ్గర, పెళ్లిళ్లలో, బస్సులో పక్క సీటు వాళ్లు, ఫోన్లో చుట్టాలు నన్ను అడిగిన ప్రశ్నలివి. నేను డాక్టర్‌ను కాను. డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదీ, ఇంట్లో తిప్పలు పడి తెలుసుకున్నదీ రాస్తున్నాను. మందుల డోసు మాత్రం మీ బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

మా పాపకు పాలు పడట్లేదు. అంటే అలర్జీయేనా?

మనకు ఈ ‘పడదు’ అనే మాటతోనే సగం చిక్కు. గ్యాస్ వచ్చినా పడదు, జలుబు చేసినా పడదు, వేడి చేసినా పడదు, రుచి నచ్చక ఉమ్మేసినా పడదు. డాక్టర్ దగ్గరికి పోయి కూడా “పాలు పడవు సార్” అని ఊరుకుంటాం.

అలర్జీ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి ఆ తిండిలోని ప్రొటీన్‌ను శత్రువనుకొని తిరగబడటం. కొంచెం తిన్నా ఒళ్లు ఊరుకోదు. లాక్టోజ్ అరగకపోవడం వేరే సంగతి. అది పాలల్లోని చక్కెరతో వచ్చే ఇబ్బంది. కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పుల్లటి వాసనతో అవుతాయి, అంతే. దద్దుర్లు రావు, ఊపిరి ఆడకపోవడం ఉండదు. గట్టిగా విరేచనాలు పట్టుకున్న పసిపిల్లల్లో కొన్నాళ్లుండి చాలావరకు దానంతటదే పోతుంది.

అందుకే డాక్టర్‌కు ‘పడదు’ అని కాకుండా జరిగింది చెప్పండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని నిమిషాలకు మొదలైంది, ఎక్కడ కనిపించింది, ఎంతసేపుంది. ఆసుపత్రికి చేరేసరికి దద్దుర్లు మాయమైపోతాయి కాబట్టి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

అలర్జీ వస్తే ఎట్లా కనిపిస్తుంది?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఏడు నెలలు నిండాయి. మా అత్తమ్మ స్టీలు గిన్నెలో అన్నం మెత్తగా పిసికి, రెండు చెంచాల పెరుగు కలిపి, ఒడిలో కూర్చోబెట్టుకొని తినిపిస్తోంది. నాలుగో బుక్కకు వాడు మొహం తిప్పుకున్నాడు. గడ్డం మీద పెరుగు కారిన చోట ఎర్రగా గీత లేచింది. తడిబట్టతో తుడిచేలోపే చెవి వెనకాల, మెడ మీద దోమలు కుట్టినట్టు దద్దుర్లు. పది నిమిషాల్లో పై పెదవి ఉబ్బి ముక్కుకు తగిలేలా అయింది. తర్వాత ఒక పెద్ద వాంతి. గంటన్నరకు అంతా తగ్గిపోయింది. ఊళ్లో చూపిస్తే “వేడి చేసింది, చలవకు పెరుగన్నమే పెట్టండి” అన్నారు. మేమూ బుద్ధిగా రెండు రోజులాగి మళ్లీ పెట్టాం. ఈసారి పిల్లికూతల్లాంటి ఊపిరి వచ్చింది. రాత్రిపూట ఆటోలో పట్నం ఉరికాం.

ఇది వేగంగా వచ్చే రకం. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు బయటపడుతుంది. నిదానంగా వచ్చేది ఇంకో రకం. కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో మలంలో జిగట, రక్తపు చారలు కనిపిస్తాయి, లేదా ఒంటి మీద ఎగ్జిమా (చర్మం ఎండి, దురదతో పగిలే జబ్బు) ఎక్కువవుతుంది. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే నిన్నటి తిండికీ ఇవాళ్టి మలానికీ ఎవరూ ముడిపెట్టరు. మూడో రకం ఒకటుంది. తిన్న గంట నుంచి నాలుగు గంటల మధ్య వాంతి మీద వాంతి చేసుకొని, బిడ్డ పాలిపోయి, మెడ వాల్చేస్తుంది. ఒంటి మీద ఒక్క దద్దురు కూడా ఉండదు. పాలకే కాదు, బియ్యానికి కూడా ఇట్లా రావచ్చు. అన్నానికి అలర్జీ ఏంటని కొట్టిపారేయొద్దు.

మూతి చుట్టూ ఎర్రబడితే?

నల్లగొండ నుంచి మా చెల్లె అడిగిన ప్రశ్న ఇది. బత్తాయి రసం తాగిస్తే పాప మూతి చుట్టూ ఎర్రబడుతోందట. బత్తాయి, టమాటా లాంటి పుల్లటివి లేత చర్మానికి తగిలిన చోట మాత్రమే ఎర్రబడి, కడిగితే కాసేపట్లో పోతే చాలావరకు అది పులుపు మంటే, అలర్జీ కాదు. తినిపించే ముందు మూతి చుట్టూ కొంచెం వాసెలిన్ రాస్తే తెలిసిపోతుంది. తగలని చోట, అంటే కడుపు మీదో వీపు మీదో దద్దుర్లు లేస్తే మాత్రం వదిలేయొద్దు. అన్నట్టు, ఏడాది లోపు పిల్లలకు పండు నలిపి పెట్టడమే మంచిది, రసం తీయడమే అక్కర్లేదు.

ఉన్నట్టుండి ఎక్కువైతే ఏం చేయాలి?

ఇది మాత్రం ఇంట్లో అందరూ చదవండి. ఊపిరిలో కూత, ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, నాలుక ఉబ్బడం, బిడ్డ పాలిపోయి మెత్తబడటం, పిలిస్తే పలకకపోవడం: వీటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేయండి, లేదా చేతిలో ఉన్న బండిలో దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. దద్దుర్లతో పాటు మళ్లీ మళ్లీ వాంతులున్నా అంతే. ఫోన్లోనే “తిండి అలర్జీ, ఊపిరాడట్లేదు” అని చెప్పండి.

దీనికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు కండకు వేస్తారు. అలర్జీ సిరప్ దురదను తగ్గిస్తుందే గాని ఊపిరిని కాపాడదు. సిరప్ పోసి “చూద్దాం” అని కూర్చుంటే పోయేది విలువైన సమయం. బిడ్డను భుజాన వేసుకొని నిలబెట్టి తిప్పొద్దు, చేతుల్లో అడ్డంగా పడుకోబెట్టి పట్టుకోండి. ఊపిరి కష్టమైతే ఒడిలో కూర్చోబెట్టండి. తగ్గినట్టు కనిపించినా వెంటనే ఇంటికి తెచ్చేయకండి, కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టడం ఉంటుంది.

విదేశాల్లో తల్లిదండ్రులు సొంతంగా వేసే పెన్నులాంటి ఇంజెక్షన్ ఉంటుంది. మన మందుల షాపుల్లో అది మామూలుగా దొరకదు. కాబట్టి మీ ఇంటికి దగ్గర్లో రాత్రిపూట కూడా తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ముందే చూసి పెట్టుకోండి. ఏ పల్లెకైనా ఇది వర్తిస్తుంది. మేము అత్తగారి ఊరికి పోయే ప్రతిసారీ ముందు చూసుకునేది అదే.

తల్లిపాలు ఆపాలా? నేను పథ్యం చేయాలా?

ఆపొద్దు. బిడ్డకు గేదె పాల అలర్జీ ఉంటే అమ్మ పాల అలర్జీ ఉన్నట్టు కాదు.

పథ్యం సంగతికొస్తే, మన దగ్గర బాలింతకు ముందే వంద పథ్యాలు. కారం, పప్పు, వంకాయ, చల్లటివి అన్నీ బంద్. దాని మీద అలర్జీ అని పాలు, గుడ్డు, పల్లీ కూడా తీసేస్తే ఆమెకు మిగిలేది వెల్లుల్లి కారం అన్నమే. అమ్మ తిన్నదానివల్ల పాలు తాగిన బిడ్డకు లక్షణాలు వస్తున్నాయని డాక్టర్‌కు అనుమానం ఉంటేనే, ఆ ఒక్క పదార్థాన్ని రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూస్తారు. తగ్గితే మళ్లీ తిని చూసి ఖాయం చేసుకుంటారు. తగ్గకపోతే ఆ పథ్యం ఎత్తేయాలి. ఈ ఎత్తేసే సంగతి ఎవరూ చెప్పరు. నేను ఆరు వారాలు ఊరికే చాయ్ లేకుండా ఉన్నాను. మా వాడికి నా పాలతో ఏ ఇబ్బందీ రాలేదని తర్వాత తేలింది. పాలు మానాల్సి వస్తే అమ్మకు కాల్షియం, విటమిన్ డి విడిగా కావాలని అడగండి.

గేదె పాలు పడకపోతే మేక పాలు పోయొచ్చా? గాడిద పాలో?

ఆవు, గేదె, మేక, గొర్రె పాలల్లో ప్రొటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆవు పాలు పడని పిల్లల్లో పదికి తొమ్మిది మందికి మేక పాలూ పడవు. మా మామ ప్రేమతో మేకనే కొనబోయాడు, ఆపడానికి చాలా కష్టమైంది.

వీధిలో గాడిదను తోలుకొచ్చి చెంచా లెక్కన అమ్మే పాల మీద మనవాళ్లకు గురి ఎక్కువ. వాటి ప్రొటీన్లు కొంత వేరే నిజమే. కాని పితికిన పాలు కాచకుండా పసిబిడ్డ నోట్లో పోస్తారు. ఆ క్రిములతో వచ్చే జబ్బు అలర్జీ కంటే తక్కువేం కాదు.

మరి డబ్బా పాలు?

తల్లిపాలు చాలని బిడ్డకు, పాల అలర్జీ ఖాయమైతే, ప్రొటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా రాస్తారు. దానికీ లక్షణాలు వస్తే ఇంకా పూర్తిగా విడగొట్టినది. రెండూ ఖరీదే. ఆరు నెలలు దాటిన పిల్లలకు కొందరికి సోయా ఫార్ములా సరిపోతుంది. ‘లాక్టోజ్ ఫ్రీ’ అని రాసిన డబ్బా పాల అలర్జీకి పనికిరాదు. అందులో చక్కెర తీశారు గాని ప్రొటీన్ అట్లాగే ఉంది. ఇంట్లో చేసే బాదం పాలు, కొబ్బరి పాలు, గంజి ఏవీ ఏడాది లోపు బిడ్డకు పాల బదులు కావు.

పాలు, పెరుగు, నెయ్యి లేకుండా బిడ్డకు ఏం పెట్టాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు వంటింట్లోకి తొంగి చూడండి. పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో పాలు లేని తిండికి కొదువేం లేదు. జొన్న గటక, రాగి జావ, పెసరపప్పు కిచిడీ, కందిపప్పు, మునగాకు, చిలగడదుంప, కోడిగుడ్డు, చేప. పాలు ఒక్కటి తీసేశామంటే అది ఒక్కటే తీసేయాలి. చాలా ఇళ్లల్లో పాల అలర్జీ అనగానే భయపడి గుడ్డు, పప్పు, గోధుమ అన్నీ ఆపేసి బిడ్డను గంజి మీద పెడతారు. బిడ్డ బక్కచిక్కేది అలర్జీతో కంటే ఈ భయంతోనే.

మా వాడికి నేను చేసిన కిచిడీ చెప్తాను. రెండు పిడికిళ్ల బియ్యం, ఒక పిడికిలి పెసరపప్పు దోరగా వేయించి, గుప్పెడు గుమ్మడి ముక్కలు, చిటికెడు పసుపు వేసి నాలుగు విజిల్స్. వేడి మీదే గరిటె వెనకతో మెదిపి, గిన్నెలో పెట్టాక ఒక చెంచా నూనె. నెయ్యి లేని లోటు ఆ నూనె తీరుస్తుంది. పసిపిల్లల పొట్ట చిన్నది, బలం ఎక్కువ కావాలి, అందుకే నూనెకు భయపడొద్దు. నెయ్యిలో పాల ప్రొటీన్ కొంచెం మిగిలే ఉంటుంది. మా డాక్టర్ మొదటి ఏడాదిన్నర దాన్నీ వద్దన్నారు. ఏడాది దాకా ఉప్పు, చక్కెర వేయలేదు. తేనె ఏడాది లోపు ఏ బిడ్డకూ పెట్టొద్దు, అది అలర్జీ గురించి కాదు, బోటులిజం అనే జబ్బు భయంతో.

కాల్షియం ఎట్లా అంటారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. కాని పసిబిడ్డ తినే నాలుగు చెంచాల జావతో మొత్తం అవసరం తీరదు. తల్లిపాలు లేదా తగిన ఫార్ములా సాగాలి. ఆరు నెలల తర్వాత ఐరన్ లోటు కూడా వస్తుంది, పప్పు, గుడ్డు, లివర్ మర్చిపోవద్దు. ప్రతి నెలా అంగన్‌వాడీలో బరువు తూచి గ్రోత్ కార్డులో వేయించుకోండి. గీత కిందికి దిగుతుంటే డైటీషియన్ దగ్గరికి వెళ్లాల్సిందే.

కొత్త తిండి ఒక్కసారి ఒక్కటే, అదీ పొద్దున పూట. సాయంత్రం పెడితే రియాక్షన్ రాత్రి పది గంటలకు వస్తుంది, అప్పుడు ఊళ్లో బండి కూడా దొరకదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టొచ్చా?

పాల అలర్జీ ఉంటే పెట్టొద్దు. అందులో గోధుమ, శనగపప్పుతో పాటు పాలపొడి ఉంటుంది. గోధుమ అలర్జీ ఉన్నా అంతే. టీచర్‌కు డాక్టర్ రాసిన చీటీ చూపించి, గుడ్డు అయితే తీసుకుంటామని చెప్పండి. మా టీచరమ్మ మొదట “అందరూ తింటున్నరు కదా” అంది గాని ఫొటోలు చూపించాక ఆమే ఆయమ్మకు గట్టిగా చెప్పింది.

పల్లీలు, గుడ్డు రెండేళ్ల దాకా పెట్టకుంటే అలర్జీ రాదంటారు, నిజమా?

ఒకప్పుడు డాక్టర్లే అట్లా చెప్పేవారు. బ్రిటన్‌లో చేసిన, 2015లో ఫలితాలు వెలువడిన లీప్ అనే అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. బాగా ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకొని, సగం మందికి 4 నుంచి 11 నెలల మధ్యే పల్లీ తిండి మొదలుపెట్టారు, మిగతా సగానికి ఐదేళ్ల దాకా ఆపారు. తిన్నవాళ్లలో పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువ వచ్చింది. కాబట్టి ఆరు నెలలకు అన్నం మొదలుపెట్టాక, బాగా ఉడికించిన గుడ్డు, మెత్తగా నూరిన పల్లీ ముద్ద జావలో కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి, ఏమీ కాకపోతే వారానికి రెండు మూడుసార్లు సాగించండి. పల్లీ గింజలు గింజల్లా మాత్రం ఐదేళ్ల దాకా వద్దు, గొంతులో అడ్డం పడతాయి.

బిడ్డకు ఎగ్జిమా బాగా ఉన్నా, ఇప్పటికే ఒక అలర్జీ ఉన్నా ముందు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి. మేము అడగలేదు. దసరాకు ఊరికి పోయినప్పుడు ఎవరో సద్దుల్లోని పల్లీ పొడి వేలితో నాకించారు.

పల్లీ నూనె వాడొచ్చా?

పల్లీ అలర్జీ ఉన్నవాళ్లకు గానుగ నూనె వద్దు. అందులో ప్రొటీన్ మిగిలి ఉంటుంది. రిఫైండ్ నూనెలో చాలావరకు పోతుంది గాని మేము ఆ గొడవే లేకుండా పొద్దుతిరుగుడు నూనెకు మారాం. సొంత చేనులో పల్లీ పెట్టుకొని నూనె డబ్బా కొంటున్నామని మామ ఇప్పటికీ సణుగుతుంటాడు.

మీగడ, శనగపిండితో నలుగు పెట్టొచ్చా?

ఎగ్జిమా ఉన్న బిడ్డకు వద్దు. పగిలిన చర్మంలోంచి లోపలికి వెళ్లిన తిండి ప్రొటీన్లతోనే అలర్జీ మొదలవ్వొచ్చని ఇప్పుడు నిపుణులు నమ్ముతున్నారు. నోటి ద్వారా వెళ్తే ఒళ్లు అలవాటు పడుతుంది, పుండు ద్వారా వెళ్తే తిరగబడుతుంది. అందుకని పాలు, మీగడ, పిండి ఒంటికి రాయకండి. గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపు స్నానం, తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ మందంగా. సున్నిపిండితో రుద్దితే తెల్లగవుతాడన్న నానమ్మకు, వాడు తెల్లగా కాకున్నా రాత్రి గోక్కోకుండా పడుకుంటున్నాడని చూపించాం. ఒప్పుకుంది.

రక్త పరీక్షతో తేలిపోతుందా?

పరీక్ష ఒక్కటే తేల్చదు. చర్మం మీద గుచ్చి చూసేది, రక్తంలో ఐజీఈ (అలర్జీ తెచ్చే రకం యాంటీబాడీ) చూసేది ఉన్నాయి. జరిగిన కథకు అవి తోడుగా నిలబడతాయి. బాగా తింటున్న పదార్థానికి కూడా పాజిటివ్ వస్తుంటుంది. నిదానంగా వచ్చే రకంలో నెగెటివ్ వస్తుంది. వందల తిళ్లకు ఒకేసారి చూసే ఐజీజీ (ఇది ఇంకో రకం యాంటీబాడీ) ప్యాకేజీలకు డబ్బు పోయొద్దు. ఐజీజీ ఉందంటే ఆ తిండి తిన్నారని, అంతే. మా బంధువుల పాపకు అట్లాంటి రిపోర్టు చూసి ముప్పైకి పైగా తిళ్లు ఆపారు. ఆ పాప నాలుగు నెలలు బరువే పెరగలేదు.

గుడ్డు అలర్జీ ఉంటే టీకాలు ఆపాలా?

వద్దు. తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా గుడ్డు అలర్జీ పిల్లలకూ వేస్తారు. సిస్టర్‌కు అలర్జీ సంగతి చెప్పి, వేశాక అరగంట అక్కడే కూర్చోండి.

పండుగలు, ఫంక్షన్లు ఎట్లా గట్టెక్కాలి?

పాల అలర్జీ ఉన్న పిల్లాడికి అన్నప్రాసన పరమాన్నం నుంచే గండం. మేము ఆలస్యంగా చేసి, కొబ్బరి పాలతో వండాం. పంతులుగారు ఏమీ అనలేదు. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల పొడి, పల్లీల పొడి చేతుల నుంచి చేతులకు పోతుంటాయి, ప్రసాదమని కాదనలేం. సంక్రాంతికి సకినాల్లో నువ్వులు. నేను పిల్లాడి కోసం విడిగా మలీద ముద్దలు కట్టుకొని పోతాను. ఎవరైనా చెయ్యి చాపితే వాడి చేతిలో ముద్ద ముందే ఉంటుంది. “ఒక్క బుక్కకు ఏం కాదు బిడ్డా” అనే అవ్వలతో వాదన పెట్టుకోను. “డాక్టర్ కోప్పడతడు అవ్వా” అంటాను. నా మాట కంటే డాక్టర్ కోపానికి విలువ ఎక్కువ.

ప్యాకెట్ల మీద గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీ, బాదం, జీడిపప్పు లాంటి గింజపప్పులు, సోయా ఉంటే చెప్పాలని మన ఆహార లేబుల్ నిబంధనలున్నాయి. ఆ జాబితాలో నువ్వులు లేవు, కాబట్టి నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లు పదార్థాల వరుస అంతా చదవాల్సిందే. కేసీన్, వే, మిల్క్ సాలిడ్స్ అని ఉంటే అవన్నీ పాలే. మామూలు బిస్కెట్లలో, బ్రెడ్‌లో కూడా ఉంటాయి. స్వీట్ షాపులో, బస్టాండ్ బజ్జీల బండి దగ్గర అయితే లేబులే ఉండదు. అక్కడ మేము ఏమీ కొనం.

ఇంట్లో మిగతావాళ్లు కూడా మానేయాలా?

పాలు మేమెవరం మానలేదు. గిన్నె, చెంచా వేరు, అంతే. తిన్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఉత్త నీళ్లతోనో శానిటైజర్‌తోనో పల్లీ ప్రొటీన్ సరిగా పోదు. పల్లీ చట్నీ తిన్న మూతితో ముద్దు పెట్టొద్దని తాతకు చెప్పడమే అన్నిటికంటే కష్టమైన పని.

పెద్దయ్యాక పోతుందా?

పాలు, గుడ్డు అలర్జీ చాలామందిలో బడికి పోయే వయసుకు పోతుంది. పల్లీది సుమారు ఐదుగురిలో ఒకరికే పోతుంది. పోయిందో లేదో ఇంట్లో చూడొద్దు. ఆసుపత్రిలో డాక్టర్ ముందు కొంచెం కొంచెంగా తినిపించి, గంటల తరబడి కూర్చోబెట్టి చూస్తారు. మా వాడికి మూడున్నరేళ్లప్పుడు హైదరాబాద్‌లో, ఎక్కువసేపు బేక్ చేసిన పాలతో మొదలుపెట్టారు, ఎందుకంటే అంత వేడికి పాల ప్రొటీన్ల రూపు మారి కొందరికి పడుతుంది. కప్‌కేక్ ముక్కలు లెక్కపెట్టి పెట్టారు. పొద్దున తొమ్మిదికి పోయి, సాయంత్రం బస్సు ఎక్కాం. ఇప్పుడు బిస్కెట్ తింటున్నాడు. పెరుగుకు ఇంకా టైముందన్నారు. పల్లీ పరీక్ష ఐదేళ్లు నిండాక.